వంపు రోడ్డు మీద జింకలు

ఏమ్మా కైసా, నీ బండి లైట్లు మినుకుమంటున్నాయా, నా కళ్ళే మినుకుమంటున్నాయా? ఉండుండు, ఇంజన్ ఆపొద్దు, అట్లాగే వెలగనియ్యి. కొత్తవి పెట్టించావు కదూ. ఎవరు బిగించారు, నువ్వేనా? బానే బిగించావులే, నీ తప్పేం లేదు. బండితో వచ్చినవి పీకేసి బజార్లో కొన్నవి పెడితే ఎప్పుడూ ఇదే తంటా, తెల్లగా వెలుగుతాయి గానీ బండికీ వాటికీ పొత్తు కుదరదు. ఆ టార్చి ఇటు పట్టు, ముందు ఎర్త్ తీగ చూద్దాం. చలేస్తే ఆ ఫ్లాస్కులో కాఫీ ఉంది పోసుకో, సంచిలో యాలకుల రొట్టె కూడా ఉండాలి, ఎలకలు తినకపోతే. ఆర్వో బండి కూడా అచ్చం ఇంతే. ఆర్వో ఎవరంటావేంటే, మీ అమ్మమ్మనడుగు చెప్తుంది. సరస్సు వంపు తిరిగే చోట ఈ కొసన పచ్చ తలుపుల ఇల్లుందే, ఇప్పుడెవరో ఎండాకాలానికొచ్చేవాళ్ళు కొన్నారు, అది వాళ్ళిల్లే. ఆర్వో, ఐలీ. పిల్లల్లేరు.

ఆర్వోకి నోరుందన్న సంగతి అన్నం తినేటప్పుడే తెలిసేది. నేనూ వాడూ ఒకే రంపపు మిల్లులో ఏళ్ళ తరబడి ఎదురుబొదురు నిలబడి దుంగలు తోశాం. పొద్దున్నే తలూపేవాడు, సాయంత్రం తలూపేవాడు, అయిపోయింది ఆ రోజుకి. ఐలీ మాత్రం గలగలా మాట్లాడే మనిషి. "చూడు వైనో, పెళ్ళినాడు పాస్టరు గారు అడిగిందానికి కూడా ఈయన తలే ఊపాడు, ఆయన కోప్పడితే అప్పుడన్నాడు ఊఁ అని, ఆ ఒక్క ఊఁ మీదే కాపరం చేస్తున్నా," అనేది. నవ్వుతూనే అనేదిలే. అట్లాంటి మనిషికి గుండె జబ్బు చేసింది. కాళ్ళకి నీరు దిగింది, రెండడుగులేస్తే ఆయాసం. ఆర్వో మంచం తెచ్చి ముందు గదిలో కిటికీ పక్కన వేశాడు. ఆ కిటికీలోంచి నీళ్ళవతల వంపు రోడ్డంతా కనపడుతుంది, మిల్లు దాటి పడవల రేవు దగ్గర్నుంచి ఆ ఇంటి దాకా. పగలంతా ఒక్కతే. మన నవంబరు సంగతి నీకు చెప్పేదేముంది, మిల్లు కూత వేసేసరికే చీకటి. ఆ చీకట్లో ఆమె ఆర్వో బండి కోసం చూస్తూ ఉండేది.

ఆ రొట్టె అంతా నువ్వే తినకు, నాక్కాస్త ఉంచు. ఏం చెప్తున్నా, ఆఁ, లైట్లు. ముందటేడు వాడో జింకను గుద్దాడు. దారి మధ్యలో బండి ఆగిపోయింది, ఇంట్లో ఐలీ ఒక్కతే, పొయ్యి చల్లారిపోయింది. అప్పుడు భయపడ్డాడు. కేటలాగు చూసి ఇంతింత లైట్లు తెప్పించాడు, అడవిని పగలు చేసేవి. బండేమో ముసలిది. పెట్టిన వారం నుంచే మినుకు మొదలు. అదీ ఎట్లా అనుకున్నావ్? ఇంటి దగ్గర వెలిగించి చూస్తే నిక్షేపంలా ఉండేవి. మిల్లు దగ్గరా బాగానే ఉండేవి. సరిగ్గా రేవు దాటి వంపు ఎక్కగానే టప్పున ఆరేవి, మళ్ళీ వెలిగేవి, మళ్ళీ ఆరేవి. వాడొచ్చి "సరస్సు తేమ" అన్నాడు. వాడు రెండు మాటలన్నాడంటే బాగా ఆలోచించినట్టే మరి. నేనూ నమ్మాను. ఎర్త్ తీగ గీకాం, బ్యాటరీ మార్చాం, కుడిది ఎడమకీ ఎడమది కుడికీ వేశాం, పాత దుప్పటి చింపి తీగలన్నిటికీ చుట్టాం తేమ తగలకుండా. బానెట్ కింద చంటిపిల్లను పడుకోబెట్టినట్టుంది చూడ్డానికి. అయినా వంపు ఎక్కగానే టప్.

ఇక లాభం లేదని ఒక సాయంత్రం నేనే పక్క సీట్లో కూర్చున్నా. కైసా, లైట్లు ఆరిన ఆ రెప్పపాటు ఉందే, ఒకవైపు బండరాయి, ఒకవైపు నీళ్ళు, ఏమీ కనపడదు. వీడు మాత్రం రోడ్డు జ్ఞాపకం మీద తిప్పుతున్నాడు, ఏమీ ఎరగనట్టు. నాకు ప్రాణం పోయింది. పట్టుకోడానికి ఏదో ఒకటి కావాలి కదా, డాష్‌బోర్డు మీద చెయ్యేస్తే లైట్ల స్విచ్చి తగిలింది. చురుక్కుమంది. పెనంలా కాలుతోంది! అప్పుడు బుర్ర వెలిగింది. ఆ లైట్లు లాగే కరెంటంతా ఆ ముసలి స్విచ్చిలోంచే పోవాలి. లోపల ఒక చిన్న రేకు ఉంటుంది, వేడెక్కితే విడిపోతుంది, చల్లారితే అంటుకుంటుంది. మిల్లు నుంచి రేవు దాకా వచ్చేసరికి అది వేడెక్కుతోంది, అంతే. తేమా లేదు, గీమా లేదు. మరి ఇంటి దగ్గర వెలిగించినప్పుడు ఎందుకారలేదంటావా, అది వేడెక్కేదాకా ఉంచితేగా, చలికి తట్టుకోలేక ఇద్దరం లోపలికి పరిగెత్తేవాళ్ళం.

ఆ శనివారమే బ్యాటరీ నుంచి నేరుగా లావు తీగ లాగి మధ్యలో రిలే పెట్టాం, అంటే ఆ కరెంటంతా తనమీద వేసుకునే చిన్న డబ్బా, స్విచ్చికి బరువు తప్పించాం. మర్నాడు వంపంతా ఒక్క మినుకు లేదు. నేనైతే ఏదో ఘనకార్యం చేసినట్టు ఊరంతా చెప్పుకున్నా. ఆర్వో నన్ను వాళ్ళ సౌనాలో ఆవిరి స్నానానికి పిలిచి, ఆవిర్లో కూర్చున్నంతసేపూ కూర్చుని, బయటికొచ్చేటప్పుడు తలూపాడు.

ఓ వారానికి ఐలీని పలకరిద్దామని వెళ్ళా. ఆర్వో కట్టెలు తేవడానికి బయటికెళ్ళగానే నా చెయ్యి పట్టుకుంది. "వైనో, ఊళ్ళోవాళ్ళకి ఈయన మీద ఏమన్నా కోపమొచ్చిందా?" అంది. ఎవరికే కోపం, ఎందుకే అన్నా. "వారం నుంచి దార్లో ఎవరూ పలకట్లేదు ఆయన్ని," అంది. తర్వాత నిదానంగా చెప్పింది.

నీకు తెలుసుగా, మన దగ్గర ఎదురొచ్చే బండి లైట్లు ఆర్పి వెలిగిస్తే ఏంటర్థం? ముందు జింకలున్నాయి, నెమ్మదిగా వెళ్ళమని. మనమూ ఓసారి ఆర్పి వెలిగిస్తాం, విన్నాను, నీ మేలు మరవను అని. ఆర్వో లైట్లు టప్పుమన్నప్పుడల్లా ఎదురొచ్చే ప్రతివాడూ జింకలనుకుని తనూ లైట్లు కొట్టి బదులిచ్చేవాడు. నీళ్ళివతల మంచం మీద పడుకున్న ఆమెకి జింకలెక్కడ తెలుస్తాయి? వంపు పొడుగునా ఒక దీపం కన్ను మూసి తెరవడం, ఎదురుగా ఇంకోటి మూసి తెరవడం, నీళ్ళలో వాటి నీడలు కూడా, అట్లా పలకరించుకుంటూ పలకరించుకుంటూ ఆయన ఇంటికొచ్చేవాడు. "ఇంట్లో మాట రాదు గానీ బయట ఇంతమంది మనుషులున్నారు ఈయనకి, నేను పోయినా ఒంటరివాడు కాడు అనుకునేదాన్ని వైనో," అంది. మొత్తం చెప్పేశా, స్విచ్చి సంగతి, రిలే సంగతి. కాసేపు నవ్వింది, ఆయాసమొచ్చేదాకా నవ్వింది. ఆ తర్వాత మొహం కిటికీ వైపు తిప్పుకుంది. "ఆయనకి చెప్పకు. చెప్తే నా కోసం ఈ పూటే ఆ రిలే పీకేస్తాడు. నీళ్ళల్లో పడతాడు," అంది. నాకు ఏడుపొచ్చింది, నిజం చెప్తున్నా. కట్టెలు ఇట్లా ఇవ్వరా అని బయటికి పోయా.

ఊరి సహకార కొట్లో కాఫీ బల్ల దగ్గర బెర్నిస్ ఉండేది, మా అందరికీ కాఫీ పోసేది, అందరి సంగతులూ పోసేది కూడా. ఐలీ అన్న మాట ఆమె చెవిన వేశా. అంతే, ఇంకెవరికీ చెప్పే పని పడలేదు. ఆ సాయంత్రం పాల లారీ వాడు ఆర్వోకి లైట్లు కొట్టాడు, మంచు తోసే బండి కొట్టింది, పాస్టరు గారు కొట్టారు, వంపు మీదకి పనిలేని వాళ్ళు కూడా ఏదో పని పెట్టుకుని వెళ్ళి ఆర్వో ఎదురుగా వచ్చి లైట్లు కొట్టారు. వాడు మర్యాదస్తుడు కదా, ప్రతివాడికీ బదులు కొట్టాడు. కొట్టి నెమ్మదిగా నడిపాడు, జింకల కోసం. ఇక రోజూ రావాల్సిన దానికంటే బాగా ఆలస్యంగా ఇల్లు చేరేవాడు. మర్నాడు మిల్లులో "జింకలు" అనేవాడు నాతో, తలూపుతూ. అవును రా, ఈ ఏడు ఎక్కువే అనేవాణ్ణి నేను దుంగ వైపు చూస్తూ. చలికాలమంతా అట్లానే గడిచింది. ఐలీ మొహంలో ఎంత కళొచ్చిందనుకున్నావ్. ఏ దీపం ఎవరిదో కూడా గుర్తుపట్టేసేది, "అదిగో పాస్టరు గారు, ఆయన బండిది ఒంటికన్ను" అని.

సరస్సు మీద మంచు పగిలే రోజుల్లో పోయింది. నిద్రలోనే. పూడ్చిపెట్టి వచ్చాక వాడు మిల్లుకి మళ్ళీ వచ్చిన మొదటి రోజు, మాకెవరికీ ఏం చెయ్యాలో తెలీలేదు. చూసే మనిషి లేదు కదా ఇక. ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు. అయినా ఆ సాయంత్రం వంపు మీద అందరం కొట్టాం.

వాడు ఇంటికి పోకుండా నేరుగా మా ఇంటికొచ్చాడు. కాఫీ ఇచ్చా. తాగాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "చలికాలమంతా ఒక్క జింకా కనపడలేదు వైనో," అన్నాడు. నేను కప్పులో ఇంకాస్త కాఫీ పోశా. అదీ తాగాక, "లైట్లు కిటికీలోంచి ఆమెకి బాగా కనపడేవా?" అన్నాడు.

కనపడేవి రా, అన్నా.

తలూపాడు.

...

ఊఁ? ఏం లేదమ్మా, కంట్లో ఏదో నలక పడింది. ఇదిగో, ఈ ఎర్త్ బోల్టు చూడు, పెయింటు మీదే బిగించేశావు, ఇనుముకి తగిలితేగా. గీకేశాను. ఇప్పుడు వెయ్యి. ఆఁ, నిలబడ్డాయి చూశావా. ఇక బయల్దేరు, మీ అమ్మ ఎదురుచూస్తుంటుంది. పచ్చ తలుపుల ఇల్లు దాటి వంపు ఎక్కాక ఎవరో ఒకరు నీకు లైట్లు కొడతారు. నువ్వూ కొట్టు. ఎందుకేంటే, జింకలుంటాయి.