అక్క తెల్లగా వదిలేసిన నుదురు

నేను ఇంతకు ముందు ఎప్పుడూ ఏదీ రాయలేదు. చదివింది ఐదో తరగతి. సరుకుల చీటీ రాయడం తప్ప పెన్సిల్‌తో నాకు పని పడలేదు. నలుగురిలో మాట్లాడమంటేనే వంటింట్లోకి జారుకుంటాను. కానీ నిన్న మధ్యాహ్నం మామగారు చెప్పింది విన్నాక, అది గాలికి పోతే బాగుండదనిపించింది. అటక సర్దుతుంటే పాత దుప్పట్లో చుట్టిన మనిషి పుర్రె ఒకటి చేతికి తగిలింది. కెవ్వుమన్నాను. సగం టీ రంగు, సగం తెలుపు. దూరంగా పట్టుకుని కిందికి తెచ్చి, "మామయ్యా, ఇదేంటి?" అని అడిగాను. ఆయన పేపరు పక్కన పెట్టి మొదలుపెట్టారు.

ఓహో, దొరికిందా! ఇల్లు మారినప్పుడు పోయిందనుకున్నానమ్మా. ఇలా తే. అయ్యో, ఎలకని తోక పట్టుకుని తెచ్చినట్టు తెస్తావేం, కరవదులే. ఇది ఎముక కాదు, అచ్చు. వట్టి ప్లాస్టరు. పోసింది నేనే. స్టవ్ మీద ఏమన్నా పెట్టావా? కట్టేసి రా, కూర్చో. ఆఁ, ఇది మా అక్క. అంటే మా అక్క పుర్రె కాదే తల్లీ, అలా చూడకు! అక్క అతికిన పుర్రె. నువ్వు ఈ ఇంటికి రాకముందే పోయింది మా అక్క. ఉండుంటే మీ ఇద్దరికీ బాగా కుదిరేది. నీలాగే, నలుగురు చేరితే నోరు పెగిలేది కాదు. పుర్రెలతో మాత్రం గంటలకొద్దీ కబుర్లు. మ్యూజియంలో అందరూ పుర్రెలమ్మ అనేవాళ్ళు. తనకి తెలుసు, నవ్వేది. "నన్ను పుర్రెలమ్మ అంటే నువ్వు పుర్రెలమ్మ తమ్ముడివి కదరా, నీకే ఎక్కువ సిగ్గు" అనేది నాతో.

తన పనేంటంటే, తవ్వకాల్లో దొరికిన ముక్కల్ని అతకడం. పాతకాలం మనుషులవి, మనకి ఎన్ని వేల తరాల ముందు వాళ్ళవో. పుర్రెంటే గుండ్రంగా బుట్టలో పెట్టి చేతికిస్తారనుకున్నావా? గోరంత ముక్క ఒకటి, అరచేయంత ముక్క ఒకటి. పెద్ద పళ్ళెంలో ఇసుక పోసుకునేది. రెండు ముక్కల అంచులకి జిగురు రాసి, కలిపి, అవి ఆరేదాకా ఒరిగిపోకుండా ఆ ఇసుకలో గుచ్చి నిలబెట్టేది. ముందు అచ్చు ముక్కలతో ఇంట్లో అతికి చూసుకుని, చెయ్యి కుదిరాకే అసలు వాటి జోలికి వెళ్ళేది. మా అమ్మ ఒకటే గోల. "ఒసేయ్, అన్నం తినే బల్ల మీద ఈ శవాలేమిటే! చుట్టాలొస్తే మనింట్లో మంచినీళ్ళు కూడా ముట్టరు!" అక్క తల ఎత్తకుండా, "శవాలు కాదమ్మా, మనవాళ్ళే" అనేది. "మనవాళ్ళా? అయితే మీ నాన్న వైపు వాళ్ళయ్యుంటారు, ఆ దవడ చూస్తే తెలీడంలా!" మా నాన్న పాపం పక్క గదిలో దగ్గేవాడు. ఏం చెబుతున్నాను? ఆఁ, అసలు సంగతి మెట్ల బల్లది.

మ్యూజియం పెద్ద హాల్లో మెట్లు మెట్లుగా ఒక బల్ల ఉండేది. అడుగు మెట్టు మీద కనుబొమల దగ్గర ఇంత లావు గట్టున్న మొరటు పుర్రె. పై మెట్టు మీద మనలాంటి నున్నటి నుదురు. నడుమ ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే ఆ గట్టు కాస్త కాస్త తరుగుతూ వస్తుంది. తాత, తండ్రి, కొడుకు, మనవడు అన్నట్టు. ఆ వరస పెట్టింది అక్క గురువుగారు. అక్కని చదివించిందీ, పనిలో పెట్టిందీ, పదిమందిలో నిలబెట్టిందీ ఆయనే. మా నాన్న పోయాక ఇంటికి పెద్దదిక్కు కూడా ఆయనే అనుకో. ఆ మెట్లలో నడిమెట్టు చాలా కాలం ఖాళీగా ఉండేది. దానికి సరిపోతుందనుకున్న పుర్రె ఒక గుహలో దొరికింది. వెనక భాగం ఉంది, బుగ్గ ఎముక ఉంది, నుదురు లేదు. లేనిచోట ప్లాస్టరుతో పూడుస్తారు. నడిమెట్టు మీద కూర్చునేదానికి నడిమి గట్టు ఉండాలి కదా! అక్క అంతే గట్టు పెట్టించింది. మ్యూజియంలో ప్లాస్టరు పని నాది. తెల్లగా పెట్టాం. మ్యూజియం మేనేజరొచ్చి చూశాడు. "ఏమ్మా, ఈ తెల్ల మచ్చేంటి, గోడకి సున్నం కొట్టినట్టు? చూడ్డానికొచ్చేవాళ్ళకి అతుకు కనపడితే ఏం బాగుంటుంది?" అన్నాడు. సరే అని చిక్కటి టీ డికాక్షన్ కాచి పూతలు పూశాను. ఎముక రంగు అలా దిగింది చూడు! నేనూ అక్కా పక్కపక్కన నిలబడి చూసుకుని మురిసిపోయాం. చెయ్యి పెట్టి తడిమినా ఎక్కడ అతికామో తెలీదు.

అక్కడే వచ్చిందమ్మా తంటా. ఆ పుర్రెతోనే అక్కకి పేరొచ్చింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చి బొమ్మలు గీసుకెళ్ళేవాళ్ళు. ఏళ్ళు గడిచేకొద్దీ అతుకు సంగతి అక్కే మర్చిపోయింది. ఆ గట్టుని కొలిచేది, దాని మీద రాసేది, పిల్లలకి పాఠం చెప్పేది. ఎవరూ అబద్ధమాడలేదు. తను పెట్టించిన ప్లాస్టరుని తనే కొలుచుకుంది, అంతే. ఆ తర్వాత అదే గుహలో, అదే మట్టి పొరలో, ఇంకో పుర్రె దొరికింది. చెక్కుచెదరకుండా. వెనక భాగం అచ్చం మన దానిలాగే, బుగ్గ కూడా అదే. నుదురు చూస్తే, నీ నుదురులా నున్నగా! పైగా ఈసారి ఆ పొర వయసు లెక్క కడితే మొరటు వాళ్ళ కాలం నాటిదని తేలింది. అంటే ఆ మొరటువాళ్ళు బతికున్నప్పుడే ఈ నున్నటివాళ్ళూ ఉన్నారు. తాత, మనవడు కాదు. పెదనాన్న పిల్లలు, చిన్నాన్న పిల్లలు. మెట్లే లేవు! ఆ రోజు ఇంటికొచ్చి అక్క చెప్పులు విప్పకుండా అలాగే కుర్చీలో కూలబడింది. "తమ్ముడూ, నుదురు మనం పెట్టిందేరా" అంది.

ఇప్పుడు ఆ ప్లాస్టరు గట్టు గీకెయ్యాలి. గీకేస్తే వరస పోతుంది, ఇన్నాళ్ళ పేరూ పోతుంది. అది కూడా ఓర్చుకునేది. కానీ గురువుగారు అప్పటికి మంచాన ఉన్నారు. చూపు సరిగ్గా ఆనదు. ఆయన బతుకంతా ఆ మెట్లే. మేనేజరు మెల్లిగా వచ్చి, "ఎందుకమ్మా తొందర? కొత్తది బీరువాలో పెట్టేద్దాం. పెద్దాయన కాలం చేశాక తీరిగ్గా చూసుకోవచ్చు" అన్నాడు. చెడ్డవాడు కాదు, మంచికే చెప్పాడు. అక్కతో పనిచేసేవాడొకడు మాత్రం ఊరుకోలా. "ఇన్నేళ్ళూ మేడమ్ గారు సున్నపు ముద్దకి పాఠం చెప్పారన్నమాట!" అక్కకి అన్నం సహించేది కాదు. మా అమ్మ, ఎప్పుడూ ఆ పుర్రెల్ని తిట్టే మా అమ్మ, బల్ల మీద ఇసుక పళ్ళెం తెచ్చి తన ముందు పెట్టి, "ఏదో ఒకటి అతుక్కోవే తల్లీ, ఊరికే అలా కూర్చోకు" అంది.

ఆఖరికి కొత్త పుర్రె అచ్చు ఒకటి పోయించుకుని, గుడ్డలో చుట్టి, గురువుగారింటికి బయల్దేరింది. నేనూ వెళ్ళాను. ఏం చెప్పాలో దారంతా గొణుక్కుంటూనే వచ్చింది. తీరా మంచం దగ్గరికెళ్ళాక గుడ్డ విప్పి ఊరికే ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన బొటనవేలితో తడుముకుంటూ పోయారు. వెనక భాగం దగ్గర, బుగ్గ దగ్గర. "ఇది మన నడిమెట్టు పిల్లే కదూ?" అన్నారు. నుదుటి దగ్గరికొచ్చేసరికి వేలు ఆగింది. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి. "ఎక్కడ దొరికింది?" "అదే గుహలోనండీ." "ఏ పొరలో?" "అదే పొర." ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. అక్క గుడ్డ మడతపెట్టుకుంటూ ఏడుస్తోంది, చప్పుడు లేకుండా. వచ్చేద్దామని నేను లేచాను కూడా. అప్పుడు అటు తిరిగే ఉండి అడిగారు. "మరి ఈ పిల్లని ఎక్కడ కూర్చోబెడతావమ్మా? నా మెట్ల మీద చోటు లేదు కదా." కోపంగా కాదమ్మా, ఇంటికి చుట్టమొస్తే పక్క ఎక్కడ వెయ్యాలా అని కంగారు పడతామే, అలా. అక్క కళ్ళు తుడుచుకుని, "మెట్లు తీసేసి చాప పరుద్దామండీ, అందరూ కూర్చుంటారు" అంది. ఆయన భుజాలు కదిలాయి. నవ్వారో, ఏడ్చారో. పుర్రె మాత్రం తిరిగివ్వలేదు. తలగడ పక్కనే పెట్టుకున్నారు.

మర్నాడే అక్క అందర్నీ పిలిచి, హాలు నడిమధ్య బల్ల వేయించుకుని, తన చేత్తోనే గీకింది. టీ రంగు పొర లేచి తెల్లపొడి ఒళ్ళంతా రాలింది. గట్టు పోయింది. మేనేజరు, "పోనీ కొత్తదాని నుదురు చూసి నున్నగా పెట్టించెయ్యండి" అన్నాడు. అక్క ఒప్పుకోలా. "అది ఆవిడ నుదురు. ఈవిడది మనకి దొరకలేదు." అదిగో, వేలు పెట్టి చూడు. గట్టూ లేదు, నుదురూ లేదు. ఊరికే పుర్రె కూలిపోకుండా పట్టు, అంతే. రంగు కూడా వద్దంది. చూడ్డానికొచ్చినవాళ్ళు, "ఇదేంటండీ, పని మధ్యలో వదిలేశారు?" అనేవాళ్ళు. నలుగురిలో నోరు విప్పని మనిషి, దానికి మాత్రం టక్కున, "అక్కడ మాకు తెలీదండీ" అనేది. ఏదో బహుమతి వచ్చినట్టు చెప్పేదనుకో! అప్పుడు పోసిన అచ్చే ఇది. పోయేముందు మంచం మీద ఉన్నప్పుడు కూడా ఇది కావాలంది. నేనే తెచ్చి పక్కన పెట్టాను. ఈ తెల్లచోట చెయ్యి వేసుకుని పడుకుంది. కాసేపటికి కళ్ళు తెరిచి, తమ్ముడూ, అంది. తమ్ముడూ, నేను...

ఆ కిటికీ తెర కాస్త లాగమ్మా, ఎండ కళ్ళలో పడుతోంది. పాలవాడొచ్చే వేళయిందేమో చూడు.

మామగారు మళ్ళీ పేపరు అందుకున్నారు. నేను పాలగిన్నె తీసుకుని వాకిట్లోకి వెళ్ళాను. నిన్న సాయంత్రం కూర్చుని ఇదంతా రాస్తుంటే ఆ మాట సగంలో ఆగిపోవడం వెలితిగా అనిపించింది. ఆవిడ ఏమనుంటారో ఆలోచించి, నేనే ఒక వాక్యం పెట్టాను. బాగా అతికింది. చదువుకుంటే నాకే ఏడుపొచ్చింది.

ఇవాళ పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి మళ్ళీ చదివాను. అప్పటికే అది నేను పెట్టిందని తెలీకుండా, మామగారు చెప్పినట్టే ఉంది. మా అమ్మాయి సంచిలోంచి రబ్బరు తీసి ఆ వాక్యం చెరిపేశాను. పుర్రెని తడిగుడ్డతో తుడిచి, మామయ్య కుర్చీకి ఎదురుగా అలమరలో పెట్టాను, తెల్లచోటు ఆయనకి కనపడేలా. ఈలోగా పాలు పొంగిపోయాయి.