నాన్నమ్మకి క్లాసు

హలో… ఆ, నేనేరా వాసూ, అమ్మని. ఇంటి నంబరు చూసి పూజిత అనుకున్నావేటి?… మీటింగా? నీకు మీటింగు లేనిదెప్పుడు గనక! బయటికొచ్చి మాటాడు… వచ్చావా? ఆ.

క్లాసు అయిపోనాది. బొల్లారంలో ఆ పిల్లల ఆశ్రమం నించి రెండు బస్సులు మారి ఇప్పుడే ఇంట్లో పడ్డాం…

ఎలా జరిగిందా? అడగడానికి నోరొచ్చింది నాయనకి! పిల్లని పెంచుకుంటామని దరఖాస్తు పెట్టింది నువ్వూ నీ పెళ్ళామూ. క్లాసులో కూర్చున్నది నేనూ నీ పెళ్ళామూ… తెలుసులే, ఇంటి పెద్దవాళ్ళు కూడా రావాలన్నారు. నీ బదులు రమ్మన్లేదు కదా!

…రిలీజా? మీ కంప్యూటరాఫీసు వాళ్ళు నెలనెలా ఏదో రిలీజు చేస్తూనే ఉంటారు, నిన్ను మాత్రం ఇంటికి వదల్రు.

చెప్తాను, ఆగు. ముందు రబ్బరు బొమ్మనిచ్చి నీళ్ళు పొయ్యమన్నారు… నవ్వకు. అక్కడున్న జంటలన్నీ మీలాంటివే, కంప్యూటర్ల వాళ్ళే. ఆ బొమ్మని పీతని పట్టుకున్నట్టు పట్టుకున్నారు. నేను కింద చతికిలబడి, కాళ్ళు జాపి, బొమ్మని కాళ్ళమీద పడుకోబెట్టీసి… ఆ, ముక్కు కూడా లాగేను. నీ ముక్కు అలా నిలబడ్డం ఎవరి చలవనుకున్నావు?… మేడమా? క్లాసు చెప్పేది ప్రేమమణిగారని, మంచావిడ. చప్పట్లు కొట్టింది.

అక్కడితో ఆగిపోతే బాగుణ్ణు.

తర్వాత నా ఎదురుగా చాపమీద కూర్చుని, "ఇప్పుడు నేను మీ మనవరాల్ని, అయిదేళ్ళు నాకు" అంది. అని… "నాన్నమ్మా, నేను అమ్మ కడుపులోంచి వచ్చానా?" అనడిగింది.

…నేనేమంటాను! మనం అనుకున్నదే అన్నాను. "ఆఁ, మీ అమ్మ కడుపులోంచే. ఆ రోజు జోరున వాన, ఆటో దొరకలేదు, మీ నాన్న కంగారులో ఒక కాలికి బూటూ ఒక కాలికి చెప్పూ వేసుకున్నాడు" అని అల్లీసేను. కథలు చెప్పడం నాకు నేర్పాలేటి? పక్కన పూజిత తల దించీసుకుంది.

ఆవిడ అంతా విని, "మరి పక్కింటావిడ అలా కాదంది నాన్నమ్మా. ఎవరిది నిజం?" అంది.

ఆ వాన కథే మళ్ళీ ఎత్తుకోబోయి ఆపీసేను. కథ సగంలో ఆపడం, నేను!

ఆవిడ పెద్దమనిషే గానీ, అలా అడిగేసరికి నిజంగా ఓ అయిదేళ్ళ గుంట నా మొహంలోకి చూస్తున్నట్టే అయిపోనాది. ఏడుపొచ్చీసిందిరా… లేదులే, ఇప్పుడు బాగానే ఉన్నాను.

…ఆ, అదే. "పిల్లకి నిజం చెప్పే ఇల్లయితేనే నేను సంతకం పెడతాను, ఆలోచించుకు రండి" అంది. అంటే, లేకపోతే మనకి పిల్ల రాదనే కదరా.

మరి మనం చేసిందేటి? పూజిత నీళ్ళోసుకుందని కాలనీ అంతా నేను చాటీడం. పుట్టింటికి పంపీసి, పిల్లనెత్తుకుని రమ్మందాం అనుకోడం. నువ్వు… ఆ, నువ్వే, "నీ ఇష్టం అమ్మా" అని టీవీ చూసుకోడం. వద్దన్నది పూజిత ఒక్కర్తే. కడుపుకి గుడ్డలు చుట్టుకోమన్నాను కదరా దాన్ని…

కాదు, నిన్ను తిట్టడానికి చెయ్యలేదు. మేం వచ్చేసరికే విమలమ్మగారు గుమ్మంలో ఉన్నారు… ఆ, పక్కింటి విమలమ్మగారే. ఇంకో నలుగుర్ని వెంటబెట్టుకుని, పళ్ళెంలో మట్టిగాజులూ పసుపూ పువ్వులూ… అయిదో నెల కదా అని! వరండాలో కూర్చున్నారు, మీ నాన్న కబుర్లు చెప్తున్నారు. పూజిత వంటింట్లోంచి బయటికి రావట్లేదు.

నువ్వేమంటావో నాకు తెలుసు. "ఈ పూటకి వేయించీసుకోండి, తర్వాత చూద్దాం" అంటావు… అన్నావా? చూశావా మరి. నీ తల్లినిరా నేను.

వద్దు. ఇవాళ ఆవిడ చేత అబద్ధానికి గాజులు వేయిస్తే, రేపు ఆ గుంటకి నిజం ఆవిడే చెప్తాది. అప్పుడు నేనేం చెప్పుకోనురా దానికి?

…పరువా? ఓ నాలుగు రోజులు నవ్వుతారు. నవ్వనీ.

నువ్వు ఫోను పెట్టీకు. బల్లమీద పెడతాను, విను. వచ్చే శనివారం క్లాసుకి నువ్వు వెళ్తావు కదా, ఆ మేడమ్ నిన్నూ ఇదే అడుగుతాది… వెళ్తావు. రిలీజూ లేదు, ఏటీ లేదు. ఉండు.

విమలమ్మగారూ! లోపలికి రండి. కాఫీ తరవాత తాగుదురుగాని, ముందు ఓ మాట. మా పూజిత నీళ్ళోసుకుందని మీకు చెప్పేను చూడండి… అది అబద్ధమండీ. పాపం అది వద్దంటూనే ఉంది, నేనే కల్పించేను. మనవరాలు మాత్రం నిజంగానే వస్తోంది… కడుపులోంచి కాదు. బొల్లారం నించి.

…అదేటండీ, పళ్ళెం కొంగుకింద పెట్టీసుకుంటున్నారు? ఇలా ఇవ్వండి. ఎలాగొచ్చినా అమ్మయ్యేది మా పూజితే కదా!… పూజితా, ఇలా రా అమ్మా. చెయ్యియ్యి… ఏడవకే, గాజులు చిట్లిపోతాయి.

ఏవండీ విమలమ్మగారూ, ఈ గాజులు కొన్న కొట్లో చిన్నపిల్లల సైజువి కూడా దొరుకుతాయేటి?