నెట్టులో వాటా

హాలు మధ్యలో కొత్తగా లేచిన ఇటుక గోడ. ఒక మనిషి పట్టేంత సందు మాత్రం ఇంకా పూడ్చలేదు. గోడకి ఇటు అన్న, అటు తమ్ముడు. సందులో నిచ్చెనెక్కి నెట్టు మెకానిక్.

"సగానికి కోసివ్వడానికి ఇదేమన్నా పుచ్చకాయా, పెద్దసార్?"

"కొయ్యమనలేదు బాబూ, పంచమన్నాను. నాన్న కుట్టుమిషను నాకొచ్చింది. దాని ముందుండే స్టూలు వాడికి పోయింది. నేనేమన్నా గొడవ చేశానా? ఇదీ అంతే. సరిసగం."

"స్టూలు నేనడగలేదని చెప్పు బాస్ ఆయనకి."

"చిన్నసార్, ఆయన మీ ఎదురుగానే ఉన్నారు. మీరూ మీరూ మాట్లాడుకోండి, నేను పక్కకి తప్పుకుంటాను."

"ఆయనతో నాకు మాటల్లేవు. నువ్వే చెప్పు."

"వాడితో నాకూ లేవు. చెప్పు బాబూ."

"సరే. స్టూలు ఆయన అడగలేదటండి."

"విన్నాను."

"ఇక అసలు సంగతి. మీ కనెక్షన్ స్పీడు వంద. యాభై యాభై అని కట్టెయ్యచ్చు, కాదనను. కానీ పెద్దసార్ పడుకున్నప్పుడు ఆయన యాభై చిన్నసార్‌కి రాదు. ఎవరికీ రాదు. ఊరికే పోతుంది. కలిపి ఉంచితే ఒకళ్లు వాడనప్పుడు మొత్తం వందా రెండోవాళ్లు వాడుకోవచ్చు."

"వందెక్కడుంది బాస్? సినిమా దింపుతుంటే పన్నెండు చూపిస్తోంది. మిగతా ఎనభై ఎనిమిదీ ఎవరు మింగుతున్నారో అడుగు."

"వాడే మింగుతున్నాడని చెప్పు."

"ఎవరూ మింగట్లేదండి. కంపెనీవాళ్లు చెప్పే వంద బిట్లలో ఉంటుంది. మీకు కనపడే పన్నెండు బైట్లలో ఉంటుంది. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. చిన్నసార్, మీరు లెక్కల మాస్టారు కదా, వందని ఎనిమిదితో భాగించండి."

"పన్నెండున్నర."

"సరిపోయింది కదండీ."

"ఆ అర ఎటు పోయింది?"

"చిన్నసార్."

"సరేలే. మరి లోపలి గదిలో ఐదు కూడా రాదేం? నేను పాఠాలు చెప్పేది అక్కణ్నుంచే. నోరు తెరిచినవాణ్ని తెరిచినట్టే ఆగిపోతున్నానట. పిల్లలు ఫొటోలు తీసి పంచుకుంటున్నారు."

"అది గోడ చేసిన పని. వైఫై డబ్బా పెద్దసార్ వైపుంది కదా. వైఫైకి చెక్క తలుపైతే పర్లేదు, ఇటుక గోడంటే నీరసం. లైను బాగానే ఉంది, మీ గదిదాకా రాలేకపోతోంది. లోపలికి ఒక వైరు లాగితే కుదురుకుంటుంది."

"గోడ కట్టమన్నదెవరో అడుగు బాబూ."

"నేనే కట్టమన్నాను. ఎందుకు కట్టమన్నానో ఆయన్నడుగు."

"నేను అడగనండి. మీ ఇద్దరి మధ్యా నా తలప్రాణం తోకకొస్తోంది. ఒక్క ముక్కలో తేల్చెయ్యండి. చిన్నసార్ వేరే కనెక్షన్ పెట్టించుకుంటానని నాకు ఫోన్లోనే చెప్పారు. అటువైపు ఇంకో డబ్బా పెట్టేస్తే పంపకాల గొడవే ఉండదు. కాకపోతే స్తంభం ఇటుంది, వైరు, పెద్దసార్, మీ వాటాలోంచి రావాలి. మీరు ఊఁ అంటే సాయంత్రానికి అయిపోతుంది."

"ఒప్పుకోను."

"మీకు పోయేదేముందండీ? ఈ వంద మొత్తం మీకే మిగులుతుంది."

"నాకు వంద వద్దు. సగం చాలు. మిగతా సగం వాడిదే."

"చూశావా బాస్? మొత్తం తీసుకోమంటే తీసుకోడు. వదిలెయ్యమంటే వదలడు. నన్ను సాధించడానికి కాకపోతే ఎందుకిది?"

"ఒక్క నిమిషం ఆగండి. ఈ డబ్బాకి ఎవరెవరివి కలిసున్నాయో చూస్తాను. టీవీ, లాప్‌టాప్, రెండు ఫోన్లు, ఒక ట్యాబ్."

"టీవీ నాది. లాప్‌టాప్ నాది. ఫోన్లు నాదీ, మా ఆవిడదీ. ట్యాబ్ పాపది."

"పెద్దసార్, మీవేవి?"

"ఉంటాయి. కిందికి జరిపి చూడు."

"కింద ఇంకేం లేవండి."

"సరిగ్గా చూపించట్లేదేమో. పాత డబ్బా కదా."

"మీ ఫోన్ ఒకసారి ఇలా ఇవ్వండి."

"దాంట్లో చార్జింగ్ లేదు."

"ఇందాకే మోగింది కదండీ. పర్లేదు, ఇవ్వండి. పెద్దసార్, ఇది బటన్ల ఫోను."

"అయితే?"

"దీంట్లో నెట్టు రాదు."

"ఆ సంగతి తెలియకుండానే కొన్నానా?"

"మీ ఇంట్లో ఇంకెవరన్నా వాడతారా?"

"నేనొక్కణ్నే. నాకు చొక్కాలు కుట్టుకోవడమే సరిపోతుంది."

"అంటే ఇన్నాళ్లూ మొత్తం వందా చిన్నసార్ ఇంటికే పోతోంది. మరి సగం మీకెందుకండీ?"

"నువ్వు ఆ వైరు సంగతి చూడు బాబూ."

"చూస్తాను. ఏ వైపు లాగాలో తెలియాలి కదా. మీరు వాడరు. వాడుకునేవాళ్లకి వదలరు. కారణం చెబితే నేనే ఏదో ఒకటి చేస్తాను."

"కారణమేముంది? మిషను పంపకం అయిపోయింది. బీరువాది అయింది, పెరటిది అయింది. రేపు మేస్త్రీ వస్తే ఈ సందూ పూడిపోతుంది. ఇదొక్కటే మిగిలింది. నెట్టు నెమ్మదించినప్పుడల్లా వాడు అటునుంచి గొంతు చించుకుంటాడు, ఎవరు మింగుతున్నారని. నేను ఇటునుంచి చించుకుంటాను, నువ్వేనని. పేర్లు పెట్టి కాదులే, గోడకేసి. ఇది కూడా వేరైపోతే, వాడికి నాతో పోట్లాడ్డానికి ఏం మిగులుతుంది బాబూ?"

"చిన్నసార్, ఇది కూడా నేను చెప్పాలా?"

"అక్కర్లేదు."

"మరి కొత్త కనెక్షన్?"

"వద్దులే బాస్. కానీ సగమంటే మాత్రం నేనొప్పుకోను, అన్నయ్యా. నాకు ముప్పావు కావాలి."