ఆ మూడు గుడ్లు

ఏదే, ఆ ముక్క ఇంకోసారి చదువు. పిండంలో నెత్తురుకి మూలకణాలు ఎక్కడ పుడతాయంటోంది నీ పుస్తకం? గుండె నుంచి దిగే పెద్ద రక్తనాళం గోడలోనా? అబ్బో! మా మేడం యాభై ఏళ్ల కిందటే చెప్పింది ఈ మాట. కుర్చీ వద్దులే, కూర్చోలేను, ఇలా తిరుగుతూనే చెప్తా. గుడ్ల మేడం అనేవాళ్లు లాబొరేటరీలో అందరూ. నేను అటెండర్ని, గుడ్లు పొదిగే పెట్టెకి కాపలా. మీ నానమ్మ 'కోడిపెట్టకి మొగుడు దొరికాడు' అని ఏడిపించేది, సరే, దాని సంగతి తర్వాత. మా లాబొరేటరీ పెద్దాయనేమో, 'నెత్తురు పచ్చసొన దగ్గర పుట్టి ఒంట్లోకొస్తుందమ్మా, లోకమెరిగిన సంగతీ' అని సాగదీసేవాడు. మేడం ఊరుకునే రకమా? 'ఒంట్లోనే పుడుతుంది సార్, చూపిస్తా' అంది. ఎలాగంటే, ఇంకా నెత్తురు పారకముందే కౌజుపిట్ట పిండాన్ని తెచ్చి, కోడిగుడ్డులో ఉన్న పిండాన్ని తీసేసి, ఆ సొన మీద అతికించేది. కొన్నాళ్లాగి నెత్తురు చుక్క తీసి మైక్రోస్కోపులో చూడ్డం, అందులో కౌజు కణం వేరు, కోడి కణం వేరు అని తెలిసిపోతుంది. కౌజు కణాలుంటే ఒంట్లో పుట్టినట్టు, కోడివైతే సొనలో పుట్టినట్టు. పెంకుకి కిటికీ కోసి టేపు వెయ్యడం నాకూ నేర్పింది. 'నీ చెయ్యి బంగారమయ్యా' అనేది. ఆ చెయ్యే కొంప ముంచింది.

అలా అతికించినవి పద్నాలుగు గుడ్లు. అవి ఎండకుండా పెట్టెలో పళ్లెం నిండా నీళ్లు పొయ్యాలి, రోజూ. ఒక ఆదివారం పొయ్యలేదు. ఎందుకంటే ఏం చెప్పనే, మర్చిపోయా! సోమవారం చూస్తే మూడు చచ్చిపోయున్నాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పక్క అరలో అదే వయసు మామూలు కోడిగుడ్లున్నాయి. మూడు తీశా, కిటికీలు కోశా, టేపు వేశా, పెన్సిల్‌తో అవే నంబర్లు రాశా. ఆ వయసులో పిండాలన్నీ ఒకేలా ఉంటాయి. పోయాయని చెప్తే రెండు తిట్లు తిట్టి ఊరుకునేది మహాతల్లి. నాకు నోరు రాలేదు.

లెక్క తేలింది. పదకొండు కౌజు, మూడు కోడి. 'మూడు కాదంటున్నాయయ్యా, నేనే పొరబడ్డానేమో' అని రాసిందంతా బీరువాలో పడేసింది. తర్వాత ఇంకెక్కడో ఇంకెవరో అదే తేల్చారు, పేరూ వాళ్లకే వచ్చింది. నేను నోట్లో బెల్లం ముక్కున్నట్టు కూర్చున్నా. సిగ్గేస్తుందే, ఇప్పటికీ.

మేడం ఆఖరిరోజుల్లో ఆస్పత్రికెళ్లా చూడ్డానికి. నా చెయ్యి పట్టుకుని, 'పేరుదేముంది గానీ, ఆ మూడు ఎందుకలా చెప్పాయో అంతు చిక్కలేదయ్యా. నీకేమైనా తోచిందా?' అంది. ఏమన్నాననా? 'గుడ్లు కదా మేడం, ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది' అన్నా. 'అంతేనంటావా' అంది. నమ్మింది, పాపం. నమ్మి... మీ అమ్మ పిలుస్తున్నట్టుంది, వెళ్లి చూడు.