పన్నెండింటికి పోయే నెట్టు

స్వీడన్‌లోని ఓరెబ్రూ పట్నంలో ఓ అపార్ట్‌మెంటు, ఆదివారం, పన్నెండు కావడానికి పది నిమిషాలు. ఇంగ్వర్ అనే ఆయన ఇంట్లో కంప్యూటర్ బల్ల కింద దూరి ఉన్నది పక్కింటి మాయ్‌లిస్. పెన్షన్ పుచ్చుకోకముందు ఆమె టెలిఫోన్ లైన్లు చూసేది, అందుకని ఆ అంతస్తులో ఏది చెడినా ఆమె తలకే చుట్టుకుంటుంది.

"ఇప్పుడు నెట్టు వస్తోందా?"

"ఇప్పుడెందుకు రాదు మాయ్‌లిస్? సరిగ్గా పన్నెండు కొట్టేసరికే చస్తుంది, దిక్కుమాలిన వైఫై డాంగిల్!"

"తిట్టకు. వేలెడంత లేదు పాపం. వెనక పోర్టులో పెట్టాను, చూద్దాం."

"పోయినవారం ముందు పోర్టన్నావు. అంతకుముందు పొడుగు వైరు. అంతకుముందు కరెంటు ఆదా సెట్టింగేదో తీసేశావు. ప్రతిసారీ అదే వరస. వైఫై గీతలు నాలుగూ ఉంటాయి, నెట్టు మాత్రం ఉండదు."

"ఐతే సొంత లైను పెట్టించుకో. ఏళ్ళ తరబడి గోడవతల నా వైఫై మీద బతుకుతున్నావు."

"పాస్‌వర్డు నువ్వే ఇచ్చావు."

"ఇచ్చాన్లే. అయినా బట్టలుతికే టైము కోసం ఇంత హడావుడా? ఏ సోమవారమో తీసుకో."

"కింద అందరికీ కలిపి ఉన్న ఉతుకుడు గది నాకు బుధవారం ఐదింటికే కావాలి. నెట్టులో బుకింగేమో ఆదివారం పన్నెండుకి తెరుస్తారు. నా నెట్టు తిరిగొచ్చేలోపల ఎవడో వెధవ ఎగరేసుకుపోతున్నాడు, నాలుగు వారాలనుంచీ!"

"ఐదింటికే ఎందుకు?"

"మురికి."

"నీ మురికి వారం, గంట చూసి పడుతుందా?"

"అది కాదు... మూడు నుంచి ఐదు గునెల్‌ది."

"ఏ గునెల్? కింద వాటా గునెలా?"

"తర్వాతి మనిషికి ఆవిడ తాళం చేతికివ్వాలిగా. శనివారం ఊళ్ళో ఈ ఏటికి ఆఖరి జంటల డాన్సు. తాళం అందుకుంటూ, వస్తావా అని అడుగుదామని."

"తిన్నగా వెళ్ళి తలుపు కొట్టి అడగొచ్చుగా?"

"పనేం లేకుండా ఒకళ్ళ తలుపు కొడతామా! ఏమనుకుంటుంది?"

"అదీ నిజమేలే. కానీ గునెలా! డ్రయ్యర్ జాలీలో నూగు తియ్యదు. ఎన్ని చీటీలు అంటించాను గోడ మీద!"

"ఆ నూగేదో నేను తీస్తాలే."

"ఛీ!"

"పోనీ, నీ ఫోన్లో నాకు బుక్ చేసిపెట్టకూడదూ?"

"ఎవరిది వాళ్ళే చేసుకోవాలి, రూలు. వస్తా, స్టవ్ మీద కాఫీ ఉంది."

"పన్నెండుకి రెండు నిమిషాలున్నాయనగా నీకు కాఫీ గుర్తొస్తుంది, ప్రతి వారమూ! కూర్చో. అది చచ్చేటప్పుడు పక్కనుంటే కదా రోగం తెలిసేది."

"పొంగుతుంది ఇంగ్వర్."

"పొంగనీ, స్టవ్ నేను తుడుస్తా."

"నాకు... సరే. కూర్చున్నా."

"పన్నెండు! గీతలున్నాయి... నెట్టూ ఉంది! నొక్కాను... పడింది! బుధవారం, ఐదు గంటలు, నా పేరే! వెనక పోర్టే మందు మాయ్‌లిస్!"

"పోర్టూ కాదు, పాడూ కాదు."

"మరి?"

"డాంగిల్‌కి ఏ రోగమూ లేదు. మా ఇంట్లో రూటర్‌కి వచ్చే లైను వైరు పీకేదాన్ని. రెండు నిమిషాలు. వైఫై ఉన్నట్టే ఉంటుంది, నెట్టు రాదు."

"నువ్వా? మరి... ఆ ఎగరేసుకుపోయిన వెధవ..."

"నేనే, ఫోన్లో ఉన్న వేరే నెట్టుతో. నాలుగు బుధవారాలు ఉతికిన కర్టెన్లే ఉతికాను. పువ్వులన్నీ వెలిసిపోయాయి."

"ఎందుకు? ఎందుకు మాయ్‌లిస్?"

"ఆ ఐదు గంటలు గునెల్ కోసమేనని నాకు ముందే తెలుసు. డాన్సు నాకూ వచ్చు ఇంగ్వర్. నువ్వు నన్ను అడగాలని ఉండేది, చాలా ఉండేది, అంతే. టైము దొరికిందిగా. వెళ్ళి ఆవిడ దగ్గర తాళం తీసుకో."

"ఇలా రా."

"ఎందుకు?"

"నీకే తెలుస్తుంది ఇదంతా. బుక్ చేసింది రద్దు చెయ్యాలంటే ఎక్కడ నొక్కాలి?"