అవతలి దారి

ఈస్టర్ ఆదివారం, ఇంకా తెల్లవారలేదు. బోహోల్ దీవిలో ఒక చిన్న ఊరి చర్చి వెనక, నల్లముసుగు వేసిన మరియమ్మ విగ్రహం పక్కన, ఊరేగింపు కదలడం కోసం ఇద్దరు ఆడవాళ్ళు ఎదురుచూస్తున్నారు.

"కొవ్వొత్తి వెలిగించవేం?"

"నేను రానక్కా. ఇంటికి పోతా."

"ఇంతదాకా వచ్చి పోతావా?"

"ఆడవాళ్ళం మరియమ్మతో ఈ దారిన, మగవాళ్ళు యేసుతో ఆ దారిన. పోయినేడు రెండు దారులూ కలిసేచోట మా ఆయన దమాసో ఎదురొచ్చి, 'ఏమే నిద్రమొహమా' అని వెక్కిరించాడు. ఆయన పోయాక ఆ దారిలో నాకెవరున్నారు?"

"ఊఁ."

"అసలీ పండగ ఆదివారమే ఎందుకు రావాలి? శుక్రవారం పోయిన యేసు శనివారమే లేవొచ్చుగా? నిన్న ఊళ్ళో చప్పుడన్నదే లేదు. ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేకపోయా."

"శనివారం యూదులకి విశ్రాంతి దినం. సమాధి దగ్గరికి పోకూడదు. యేసు వెంట తిరిగిన ఆడవాళ్ళూ నీలాగే ఇంట్లో కూర్చుని, ఆదివారం చీకటితోనే బయల్దేరారు. అప్పుడు చూశారు, సమాధి ఖాళీ. అందుకే ఆదివారం."

"లేస్తాడని వాళ్ళకి ఆశ ఉంది. వెళ్ళారు."

"ఏం ఆశ? శవానికి పూయడానికి సుగంధాలు పట్టుకెళ్ళారు. లేస్తాడనుకుంటే అవి మోసుకెళ్తారా, పిచ్చిదానా? చెయ్యాల్సిన పని మిగిలిపోయిందని వెళ్ళారంతే."

"నీకెవరు ఎదురొస్తారక్కా?"

"మా ఆయన పోయాక ఎవరూ రాలేదు. దారులు కలిసేచోట మరియమ్మ ముసుగు తియ్యగానే అందరూ ఎవరివాళ్ళని వాళ్ళు వెతుక్కుంటారు. నేను కొవ్వొత్తి ఆర్పేసి ఇంటికొచ్చేస్తా."

"ప్రతి ఏడూనా?"

"ప్రతి ఏడూ."

"నీ కొవ్వొత్తి ఇటు వంచక్కా, అంటించుకుంటా. ఇవాళ ఆర్పేటప్పుడు మాత్రం నాకు చెప్పు, కలిసే పోదాం."