బాబాయి గడ్డం కింద వేలు

ఎవరు, మా ఫొటోల బాబాయా? కూర్చో తల్లీ, చెబుతాను. ఎంత సరదా మనిషనుకున్నావు! ఫొటోకి వచ్చినవాడు ఎంత మొహం ముడుచుకుని కూర్చున్నా, "ఏమండీ, ఇంట్లో చెప్పకుండా వచ్చేశారా?" అని నవ్వించి క్లిక్కుమనిపించేవాడు. అట్లాంటివాడికి మెడ ఎడమపక్కకి తిరిగిపోవడం మొదలెట్టింది. ముందు ఏదో పట్టేసిందనుకున్నారు. దిండు మార్చారు, నూనె రాశారు, కాపడం పెట్టారు. ఊహూఁ. తల దానంతటది పక్కకి పోతుంది, సన్నగా వణుకుతుంది, మెడ నుంచి భుజం దాకా ఒకటే లాగుడు. నొప్పి ఒక్కటే అయితే ఓర్చుకునేవాడే. మా అమ్మ, అంటే ఆయనకి వదిన, ఏదో కష్టం చెప్పుకుంటుంటే మధ్యలో మొహం అటు తిరిగిపోయిందట. "నా మాట అంత చేదైపోయిందా మరిదీ" అని ఆవిడ కళ్లు తుడుచుకుంటూ వచ్చేసింది. అంతే, ఆయన స్టూడియో మూసేశాడు. మనుషుల ముందుకే రానన్నాడు.

నరాల డాక్టరు చూసి, ఇది పొగరూ కాదు, పిచ్చీ కాదు, మెదడు నుంచి మెడ కండరాలకి తప్పు కబురు వెళుతోందన్నాడు. అది విని మా అమ్మ పరుగున వెళ్లిందిలే, వాళ్ల ఏడుపులు ఇప్పుడెందుకు. మాత్రలకి లాగుడు తగ్గింది గానీ తల మాత్రం మాట వినలేదు. ఆఁ, ఎక్కడున్నాను? ఒకరోజు పిన్ని ఆయనకి గడ్డం గీస్తూ, నురగ తుడుద్దామని గడ్డం కింద వేలు ఆనించింది. ఊరికే ఆనించిందంతే, నొక్కలేదు. తల మెల్లగా తిన్నగా వచ్చి నిలబడింది! డాక్టరుని అడిగితే, ఈ జబ్బులో కొందరికి అట్లా జరుగుతుందన్నాడు. ఇక పిన్ని ఊరుకుంటుందా? స్టూడియో తెరిపించింది. కెమెరా పక్కన కుర్చీ వేసుకుని, ఆయన గడ్డం కింద వేలు పెట్టి కూర్చునేది. వచ్చినవాళ్లు ముందు నోరెళ్లబెట్టేవాళ్లు, తర్వాత నవ్వేవాళ్లు, ఆయన ఆ నవ్వునే పట్టేసేవాడు. మీ వేలే మీరు పెట్టుకోవచ్చుగా అని ఎవరన్నా అంటే, "నా వేలికి లొంగదండీ, దానికి ఆవిడంటేనే భయం" అనేవాడు. చివరిదాకా అట్లాగే గడిచింది.

ఆయన పోయాక పిన్నే చెప్పింది నాకు. స్టూడియో మళ్లీ తెరిచిన కొత్తలోనే చూసిందట. లోపలి గదిలో ఒక్కడే కడిగిన ఫొటోలు ఆరేస్తూ, తన వేలు తనే గడ్డం కింద పెట్టుకుని, తల తిన్నగా నిలుపుకుని, హాయిగా పని చేసుకుంటున్నాడట. మరి అడగలేదా పిన్నీ అన్నాను. "అడిగితే నేను ఆ కుర్చీ వదిలి ఇంట్లోకి పోవాలి కదరా" అంది.

...

ఆ కిటికీ రెక్క వేసెయ్ తల్లీ, జల్లు లోపలికి కొడుతోంది.